రాయల ముఖాన మచ్చలు

కళ్ళు మూసుకుని శ్రీకృష్ణదేవరాయల్ని తలుచుకోండి. ఎవరు కనబడ్డారు? నాకైతే ఎన్టీ రామారావే కనబడతాడు. 1956లో వచ్చిన ‘తెనాలి రామకృష్ణ’లో ఆయనే రాయలు, 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లోనూ ఆయనే. పోతన అనగానే చిత్తూరు నాగయ్య. త్యాగయ్య అన్నా నాగయ్యే. వేమన అన్నా మళ్ళీ నాగయ్యే. 1943, 1946, 1947ల్లో వచ్చిన ఆ మూడు సినిమాల పుణ్యమా అని పదిహేనో శతాబ్దపు బమ్మెర కవికీ, పందొమ్మిదో శతాబ్దం దాకా బతికిన తిరువయ్యూరు వాగ్గేయకారుడికీ, ఈ ఇద్దరి మధ్య ఎప్పుడో తిరిగిన ఒక విరాగికీ తెలుగువాళ్ళం ఒకే మొహం తగిలించేశాం. ఎవరూ అభ్యంతరం కూడా చెప్పలేదు.

రాయల్ని కళ్ళారా చూసి రాసిపెట్టినవాడు ఒకడున్నాడు. డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చాడు. ఆయన లెక్కలో రాయలు నడితరం ఎత్తు మనిషి. మంచి ఛాయ, చక్కని రూపం. బక్కపలచన కాదు, కాస్త ఒళ్ళున్నవాడే. ఇంతవరకు ఏ ఆస్థానకవి అయినా కొంచెం అటూ ఇటూగా రాస్తాడు, ఆ ఒళ్ళు సంగతి తప్ప. పేస్ మాత్రం ఆ వెంటనే ఇంకో ముక్క చేర్చాడు: ముఖం మీద మశూచి మచ్చలున్నాయని.

మా నాయనమ్మ తరంలో ఊరికి నలుగురైనా పెద్దమ్మవారు పోసిన మొహాలవాళ్ళు ఉండేవారు. చెంపల మీదా ముక్కు మీదా చిన్న చిన్న గుంటలు, చినుకులు పడి ఆరిన ఇసుకలా. అలాంటి చెంపలతో రాయల్ని ఏ సినిమాలోనూ చూడలేదు. తిరుమల మహాద్వారం లోపలి మండపంలో రాయల నిలువెత్తు లోహవిగ్రహం ఉంది. పొడవాటి కుళ్ళాయి పెట్టుకుని, చేతులు జోడించి, ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవితో నిలబడి ఉంటాడు. ఆ చెంపలూ నున్ననివే.

సినిమా ఇచ్చిన ముఖం ఒకటి, శిల్పి ఇచ్చింది ఒకటి, యాత్రికుడు ఇచ్చింది ఒకటి. అయిదు వందల ఏళ్ళ కింద పోయిన మనిషి అసలు ముఖాన్ని సైన్సు ఎంతవరకు వెనక్కి తేగలదో తెలియాలంటే ముందు ఎముకలు దొరికిన ఇంకో రాజు దగ్గరికి వెళ్ళాలి.

కార్ల పార్కింగు కింద

సాళువ నరసింహరాయలు విజయనగర సింహాసనం ఎక్కిన 1485లోనే, ఆగస్టు 22న, ఇంగ్లండులోని బాస్వర్త్ యుద్ధంలో మూడో రిచర్డ్ అనే రాజు కూలిపోయాడు. వయసు 32. గెలిచినవాళ్ళు ట్యూడర్లు. శవాన్ని లెస్టర్ పట్నంలో ఒక క్రైస్తవ సన్యాసుల మఠంలో హడావిడిగా పాతేశారు. కొన్నాళ్ళకి మఠమూ పోయింది, సమాధి ఆనవాలూ పోయింది. ఎముకల్ని ఏట్లో పారేశారని జనం చెప్పుకున్నారు. ఆయన పోయిన నూరేళ్ళకి షేక్‌స్పియర్ నాటకం రాశాడు. అందులో రిచర్డ్ గూనివాడు, ఒక చెయ్యి చచ్చుబడినవాడు, కుంటివాడు, అన్న కొడుకుల్ని చంపించిన దుర్మార్గుడు. అప్పటినుంచి రిచర్డ్ అంటే లోకానికి ఆ నాటకంలో వేషగాడే. మనకి రాయలంటే రామారావు అయినట్టే, కాకపోతే తిరగేసి.

2012 ఆగస్టు 25న లెస్టర్ విశ్వవిద్యాలయం పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ మఠం ఉండాల్సిన చోట, నగరపాలక సంస్థ కార్ల పార్కింగులో, తవ్వకం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి వెంటపడి ఆ తవ్వకం జరిపించింది ఫిలిప్పా లాంగ్లీ అనే రచయిత్రి. తొలిరోజే కాలి ఎముకలు బయటపడ్డాయి. మిగతా మట్టి తీశాక చూస్తే గుంట మనిషికన్నా పొట్టిగా ఉంది. తల గుంట గోడకి ఆనించి ఎత్తి పెట్టినట్టుంది. శవపేటిక లేదు. పాదాల ఎముకలు లేవు, ఆ తర్వాతి కాలంలో ఇంకేదో కట్టేటప్పుడు పోయాయి. పుర్రె వెనకభాగాన లోతైన దెబ్బలు. వెన్నెముక పాములా పక్కకి మెలిక తిరిగి ఉంది.

మెలిక చూడగానే అందరికీ రాజే గుర్తొచ్చాడు. కానీ వెన్ను వంకర మనుషులు ఏ కాలంలోనైనా ఉంటారు. ఎవరి ముఖమో తేలకుండా ముఖం చెయ్యడంలో అర్థం లేదు.

అమ్మమ్మ కాసులపేరు

మన జన్యుపదార్థంలో ఎక్కువ భాగం అమ్మానాన్నలిద్దరిదీ కలగలిసి వస్తుంది. కొంచెం మాత్రం, కణానికి శక్తి చేసిపెట్టే మైటోకాండ్రియాల్లో ఉండేది, తల్లి నుంచే వస్తుంది. అమ్మమ్మ కాసులపేరు అనుకోండి. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి కూతురికి. కొడుక్కీ ఒక నకలు దక్కుతుంది గానీ అతని పిల్లలకి చేరదు, వాళ్ళకి వాళ్ళ అమ్మ కాసులపేరే. పైగా ఒక్కో కణంలో దీని నకళ్ళు వందల్లో ఉంటాయి కాబట్టి పాత ఎముకల్లోనూ, పళ్ళలోనూ చెక్కుచెదరకుండా దొరికే అవకాశం ఎక్కువ.

రిచర్డ్ తల్లి కాసులపేరు రిచర్డుకీ వచ్చింది, అతని అక్క ఆన్‌కీ వచ్చింది. ఆన్ కూతురు, ఆమె కూతుళ్ళు, వాళ్ళ కూతుళ్ళు అంటూ వంశవృక్షం పట్టుకుని రెండు పాయల్లో కిందికి దిగితే ఈ కాలంలో ఇద్దరు తేలారు. ఒకాయన కెనడాలో పుట్టి లండన్‌లో చెక్కసామాను చేసుకుంటున్నాడు, తాను రాజుగారి బంధువునని కలలో కూడా అనుకోని మనిషి. ట్యూరీ కింగ్ అనే జన్యుశాస్త్రజ్ఞురాలు పోల్చి చూశారు. ఒకరిది అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. రెండోవారిది ఒక్క అక్షరం తేడా. అన్ని తరాల నకళ్ళలో ఒక అక్షరం జారడం మామూలే.

మగవాళ్ళ వరసలో దిగే వై క్రోమోజోము ఇంటిపేరు లాంటిది. అది మాత్రం సరిపోలేదు. అంటే అన్ని శతాబ్దాల చిట్టాలో ఎక్కడో ఒకచోట తండ్రి అని రాసినాయన తండ్రి కాదన్నమాట. రాజవంశాల గురించి ఇంతకన్నా మాట్లాడుకోవడం మర్యాద కాదు.

అన్ని ఆధారాలూ కలిపి, దొరికింది రిచర్డేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. మర్నాడు ఆయన ముఖం చూపించారు.

పొణికి చెక్క, మక్కు, రంగు

కొండపల్లి బొమ్మ చేసేవాళ్ళని చూశారా? ముందు తేలికైన పొణికి చెక్కని మొండెంగా చెక్కుతారు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అవయవాలు అతికి, ఒంపులు దిద్దుతారు. చివర రంగులు. పుర్రె మీద ముఖం కట్టడం కూడా ఈ వరసలోనే నడుస్తుంది: ఎముక, మాంసం, రంగు. తేడా ఏమిటంటే, ఇక్కడ మక్కు ఎంత మందాన పెట్టాలో కళాకారుడి ఇష్టం కాదు.

మీ నుదుటి మీద వేలు పెట్టి నొక్కండి. వెంటనే ఎముక తగులుతుంది. అక్కడ తోలూ మాంసం కలిపి నాలుగైదు మిల్లీమీటర్లకి మించదు, లావుపాటివాళ్ళకైనా సన్నటివాళ్ళకైనా పెద్ద తేడా ఉండదు. వేలు కిందికి జార్చి చెంప మధ్యలో నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది. అక్కడ మందం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, మనిషి ఒంటినిబట్టి బాగా మారుతుంది. ఇలా ముఖం మీద కొన్ని పదుల చోట్ల సగటు మందం ఎంతో శాస్త్రజ్ఞులు పట్టికలు వేసిపెట్టారు. మగవాళ్ళకి, ఆడవాళ్ళకి, వయసునిబట్టి, ఏ ప్రాంతపు జనమన్నదాన్నిబట్టి వేరువేరు పట్టికలు. తొలిరోజుల్లో శవాల ముఖాల్లోకి సూది గుచ్చి కొలిచేవారు. ఇప్పుడు బతికున్నవాళ్ళనే స్కాన్ చేస్తున్నారు. దానిలోనూ ఒక తిరకాసుంది: సీటీ స్కాన్‌లో మనిషి వెల్లకిలా పడుకుంటాడు, చెంపలు చెవుల వైపు జారతాయి. నిలబెట్టి అల్ట్రాసౌండ్‌తో తీసిన కొలత అందుకే ఒక్కోసారి వేరుగా వస్తుంది.

రిచర్డ్ ముఖం కట్టింది డండీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కరోలిన్ విల్కిన్సన్ బృందం. పుర్రెని సీటీ స్కాన్ చేసి కంప్యూటర్లో అచ్చు పుర్రె తయారుచేశారు. దానిమీద కొలతల ప్రకారం చిన్న చిన్న మేకులు దిగ్గొట్టారు, అదీ కంప్యూటర్లోనే. కంటి గూళ్ళలో కనుగుడ్లు అమర్చారు. తర్వాత కండరాలు ఒక్కొక్కటే. నమిలే కండరాల పట్టు ఎంతో ఎముక మీది గరుకు గుర్తులు చెబుతాయి. దవడ మూల బాగా గరుకుగా ఉంటే అక్కడ కండ బలంగా ఉండేదని లెక్క. కండల మీద కొవ్వు, దానిమీద చర్మం, మేకుల తలలు మునిగీ మునగనట్టు. రాజు చిత్తరువులు పక్కన పెట్టుకుని దిద్దలేదు, ముఖం పుర్రె నుంచే వచ్చింది. బట్టలకీ జుట్టుకీ మాత్రం చిత్తరువులు చూశారు.

---
బాక్స్: ఎముకకి తెలిసినవి, తెలియనివి

*బాగా తెలిసినవి:* ముఖం పొడవు వెడల్పులు, నుదుటి వాలు, చెంప ఎముకల ఎత్తు, గడ్డం ఆకారం, పలువరస, కళ్ళ మధ్య దూరం.

*ఫరవాలేదు అనిపించేవి:* ముక్కు. మెత్తటి భాగానికి ఎముక లేకపోయినా ముక్కుదూలం ఎటు వాలుతోందో, ముక్కు రంధ్రం అడుగున ఉండే చిన్న ముల్లు ఎటు చూస్తోందో గమనించి రెండు గీతలు గీస్తే, అవి కలిసే చోట ముక్కు కొన ఉంటుంది. పెదవుల వెడల్పుకీ మందానికీ పళ్ళ నుంచి ఆధారం దొరుకుతుంది, కొంతమేరకు.

*దాదాపు తెలియనివి:* చెవుల ఆకారం, కనురెప్పల ముడత, ఒళ్ళు.

*అసలు తెలియనివి:* జుట్టు తీరు, గడ్డం మీసాలు, ముడతలు, పుట్టుమచ్చలు, మశూచి మచ్చలు. నవ్వితే ఎలా ఉంటాడన్నది.
---

బాక్స్‌ని అడుగు నుంచి పైకి ఒకసారి చదవండి. దూరం నుంచి వచ్చే మనిషిని మనం ఏం చూసి పోల్చుకుంటాం? జుట్టు, మీసకట్టు, ఒళ్ళు, నవ్వు. ఎముక చెప్పనివన్నీ అవే. అందుకే బతికున్నవాళ్ళ స్కాన్లతో విల్కిన్సన్‌వాళ్ళు ఈ పద్ధతికే పరీక్ష పెట్టినప్పుడు, కట్టిన ముఖంలో మూడింట రెండొంతుల ఉపరితలం రెండు మిల్లీమీటర్ల తేడాలోపే వచ్చినా, దాన్ని ఫొటో అనకూడదు. నాకు తోచిన పోలిక చెబుతాను: పెళ్ళిలో ఎప్పుడూ చూడని ఒకాయన ఎదురై, ‘నువ్వు ఫలానావాళ్ళ అబ్బాయివి కదూ’ అంటాడు చూడండి, అలాంటి గుర్తింపు ఇది. పోలిక పట్టుకుంటుంది. మనిషిని పూర్తిగా పట్టుకోదు.

ఒకే పుర్రె, రెండు ముఖాలు

ఈ విద్య మొదలైంది సంగీతకారుడి పుర్రెతో. 1894లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక చర్చి దగ్గర దొరికిన ఎముకలు యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌వేనా అని సందేహం వచ్చింది. విల్‌హెల్మ్ హిస్ అనే శరీరశాస్త్రవేత్త ఒక సూదికి చిన్న రబ్బరు బిళ్ళ గుచ్చి, సూదిని శవాల ముఖాల్లోకి ఎముక తగిలేదాకా దించి, బిళ్ళ ఎంత పైకి జరిగిందో కొలిచాడు. ఆ కొలతలతో సెఫ్నర్ అనే శిల్పి పుర్రె నకలు మీద బాఖ్ ముఖం చేశాడు. భలే పోలిక అన్నారు చూసినవాళ్ళు. అయితే సెఫ్నర్‌కి బాఖ్ చిత్తరువులు ముందే తెలుసు. జవాబు తెలిసి లెక్క చెయ్యడం అన్నమాట.

1913లో ఫాన్ ఎగ్గెలింగ్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త ఇంకాస్త కఠినంగా చూశాడు. ఒకే పుర్రె నకళ్ళు, ఒకే కొలతలు ఇద్దరు శిల్పులకిచ్చాడు. రెండు ముఖాలొచ్చాయి, ఒకదానికొకటి పోలిక లేకుండా. మన దగ్గర ముగ్గురు మహానుభావులకి ఒకే ముఖం, అక్కడ ఒకే పుర్రెకి రెండు ముఖాలు. ఆ దెబ్బతో ఈ పద్ధతికి చాలాకాలం పరువు లేకుండా పోయింది.

తిరిగి నిలబెట్టినవాళ్ళలో పెద్దపేరు సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ గెరాసిమోవ్‌ది. పైన బాక్స్‌లో చెప్పిన ముక్కు కొన లెక్క ఆయనదే. 1398లో ఢిల్లీని ఊచకోత కోసిన తైమూర్ సమాధిని ఆయన బృందం 1941 జూన్‌లో సమర్‌ఖండ్‌లో తెరిచింది. కుడికాలి ఎముకల్లో పాత గాయం కనబడింది. ‘తైమూర్ లంగ్’ అంటే కుంటి తైమూర్, పేరు ఊరికే రాలేదని తేలింది. సమాధి తెరిచిన రోజుల్లోనే హిట్లర్ రష్యా మీద పడ్డాడు. శాపం అన్న కథ అలా పుట్టింది. సైన్యాన్ని సరిహద్దుకి చేర్చడానికి నెలలు పడుతుందని శాపాలకి తెలిసినట్టు లేదు.

పక్కింటి గోడ మీది స్విచ్చు

2013లో చూపించిన రిచర్డ్ బొమ్మకి ముదురు జుట్టు, గోధుమరంగు కళ్ళు పెట్టారు, పాత చిత్తరువుల ప్రకారం. 2014 డిసెంబరులో ఎముకల డీఎన్ఏ వివరాలు వచ్చాయి. కళ్ళు నీలివయ్యుండే అవకాశం 96 శాతం, జుట్టు బంగారురంగుదయ్యే అవకాశం 77 శాతం. బొమ్మకి కళ్ళూ జుట్టూ మార్చాల్సివచ్చింది.

నీలికళ్ళలో నీలం రంగేమీ ఉండదు. కంటిపాప చుట్టూ ఉండే వలయంలో మెలనిన్ అనే నల్లటి పదార్థం తక్కువైతే వెలుతురు చెదిరి, ఆకాశం నీలంగా కనిపించినట్టు అదీ కనిపిస్తుంది. మెలనిన్ తయారీకి పనికొచ్చే జన్యువు ఒకటి. దాన్ని వెలిగించే, ఆర్పే స్విచ్చు మాత్రం దానిలో లేదు, పక్క జన్యువులో ఉంది. పక్కింటి గోడ మీద మన లైటు స్విచ్చు ఉన్నట్టు. ఆ స్విచ్చు దగ్గర ఒక్క అక్షరం చదివితే నీలమో గోధుమో చాలావరకు తెలిసిపోతుంది. జుట్టు అంత తేలిక కాదు, అనేక జన్యువుల ఉమ్మడి వ్యవహారం. పైగా చిన్నప్పుడు బంగారురంగులో ఉన్న జుట్టు పెద్దయ్యాక ముదరడం ఐరోపాలో మామూలే. 77 శాతం అన్నది ఆ పసితనపు జుట్టు సంగతి.

ఈ లెక్కలు ఎక్కువగా ఐరోపా జనాన్ని చూసి కట్టినవి. మనకి కంటి రంగు పరీక్ష పెద్దగా ఉపయోగపడదు, ఏం వస్తుందో ముందే తెలుసు. ఛాయ సంగతి మాత్రం ఆసక్తికరం. ఛాయని ప్రభావితం చేసే ఒక ముఖ్యమైన జన్యువు 2005లో చారల చేపల పుణ్యాన తెలిసింది. దాని రెండు రూపాలూ మన దేశమంతా కలగలిసి ఉన్నాయి. ఒకే తల్లి పిల్లల్లో ఒకరు పచ్చగా, ఒకరు చామనఛాయగా పుట్టడంలో దాని పాత్రా ఉంది.

గూని ఎవరు పెట్టారు

రిచర్డ్ బతికుండగా వేసిన చిత్తరువేదీ మిగల్లేదు. ఉన్నవాటిలో పాతవి ఆయన పోయిన పాతికేళ్ళకి వేసినవి. వాటిలో ఇంగ్లండు రాజకుటుంబం దగ్గరున్న ఒకదాన్ని ఎక్స్‌రే తీస్తే దొంగతనం బయటపడింది. మొదట చిత్రకారుడు భుజాలు మామూలుగానే వేశాడు. తర్వాత ఎవరో కుడి భుజం గీతని ఎత్తు చేశారు, కళ్ళని సన్నం చేసి క్రూరత్వం పెట్టారు. గెలిచినవాళ్ళ రాజ్యంలో ఓడిన రాజు ముఖానికి పట్టే గతి అది.

విచిత్రమేమిటంటే ఆ అబద్ధంలోనూ ఒక నిజం గింజ ఉంది. రిచర్డ్ కాలంలోనే బతికిన జాన్ రౌస్ అనే మతాధికారి, రాజుకి భుజాలు హెచ్చుతగ్గులని, కుడిది ఎత్తని రాశాడు. పగ కొద్దీ రాసిన మాటని చాలామంది కొట్టేశారు. ఎముకలు రౌస్ వైపే మాట్లాడాయి. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎముకల నిపుణురాలు జో ఆపిల్‌బీ, ఆమె సహచరులు వెన్నుపూసల్ని ఒక్కొక్కటే నకలు తీసి, వరసలో పేర్చి చూశారు. వెన్ను పక్కకి వంగి, మెలి తిరిగింది. పదేళ్ళు దాటాక మొదలైన వంకర. దానివల్ల కుడి భుజం ఎత్తయ్యుంటుంది. వీపు మీద ముద్దలాంటి గూని లేదు. చెయ్యి చచ్చుబడలేదు. కుంటి అనడానికి ఆధారం లేదు. మంచి దర్జీ ఉంటే ఆ హెచ్చుతగ్గు నిండు సభలో కూడా కనబడదు. దగ్గరివాడికి తెలిసిన చిన్న లోపం, చిత్రకారుడి చేతిలో పెద్దదై, నాటకకర్త చేతిలో గూనిగా తేలింది.

కాల్చేసే దేశంలో

ఈ విద్య మన నేల మీదికీ వచ్చింది. హర్యానాలో రాఖీగఢీ శ్మశానంలో దొరికిన, దాదాపు 4,500 ఏళ్ళ నాటి రెండు పుర్రెలకి 2019లో ముఖాలు కట్టారు. 2025లో తమిళనాడు కీళడి పక్కనున్న కొందగై మట్టికుండల సమాధుల్లోని రెండు పుర్రెలకి ముఖాలొచ్చాయి. వాటిని చేసింది లివర్‌పూల్‌లోని ‘ఫేస్ ల్యాబ్’, కరోలిన్ విల్కిన్సన్ నడిపే ప్రయోగశాలే. ఆ నలుగురి పేర్లూ మనకి తెలియవు. ముఖాలు ఉన్నాయి, పేర్లు లేవు.

రాయలకి పేరుంది, కావ్యముంది, శాసనాలున్నాయి. ఎముకలు మాత్రం ఉండవు. దహనం చేసే ఆచారంలో పుర్రె మిగలదు, మిగిలిన అస్థికలూ నీళ్ళలో కలుస్తాయి, కాలిన ఎముకలో డీఎన్ఏ బతకదు. రాజరాజనరేంద్రుడైనా, ప్రతాపరుద్రుడైనా ఇదే సంగతి. విల్కిన్సన్ వచ్చినా, ట్యూరీ కింగ్ వచ్చినా మన రాజుల దగ్గర చెయ్యగలిగిందేమీ లేదు.

పోనీ, ఏదో అద్భుతం జరిగి రాయల పుర్రె దొరికిందనుకుందాం. గడ్డం తెలుస్తుంది, ముక్కు తెలుస్తుంది. విగ్రహంలో ముక్కు నిజమైనదో, శిల్పశాస్త్రం కొలతలతో దిద్దిందో తేలిపోతుంది. మచ్చలు తేలవు. మశూచి గుంటలు చర్మానివి, పుర్రె దాకా దిగవు. రిచర్డ్ భుజం రౌస్ రాతలోనూ ఉంది, ఎముకలోనూ ఉంది. రాయల మచ్చలకి పేస్ రాసిన ఆ ముక్క తప్ప లోకంలో మరో సాక్ష్యం లేదు, ఉండే వీలూ లేదు. నేనైతే పేస్‌ని నమ్ముతాను. రాజుని మెచ్చుకుంటూ రాస్తున్నవాడు, రాజు కంటపడే భయం లేకుండా తన భాషలో తన దేశంవాళ్ళకి రాసుకుంటున్నవాడు, లేని మచ్చలు ఎందుకు పెడతాడు?

ఈ మధ్య తిరుమల వెళ్ళినప్పుడు లైన్లో నడుస్తూ ఆ మండపం వైపు చూశాను. జనం తోసుకుంటున్నారు, దొరికింది నాలుగు క్షణాలు. చెంపల మీదే చూపు నిలిపాను. నా ముందు ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని ఆగి, దణ్ణం పెట్టి, ‘‘రాయలవారే. సినిమాలో ఇంకా బావుంటాడు’’ అంది. వెనకనుంచి ఎవరో ‘‘నడవండమ్మా, నడవండి’’ అన్నారు.